కాళ్లలో కనబడే మెడ జబ్బు

నిరుడు వీధంతా పరుగులు తీసిన ఏడెనిమిదేళ్ల పిల్లాడు ఈ ఏడు ఊరికే తూలి పడుతుంటాడు. కాలి చెప్పు జారిపోతే రెండడుగులు వేశాక గానీ తెలియదు. చేతిరాత పాడవుతుంది. చొక్కా గుండీలు పెట్టమని అమ్మ దగ్గరికి వస్తాడు. ఇంట్లోవాళ్లు ఒంట్లో సత్తువ లేదంటారు, బడిలో టీచరు శ్రద్ధ లేదంటారు. టానిక్కులు, కాల్షియం మాత్రలు, కాళ్లకు నూనె మర్దనా అన్నీ అయ్యాక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తారు. మోకాలికో నడుముకో ఎక్స్‌రే తీస్తారు. అందులో ఏమీ ఉండదు. మెడ సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. పిల్లాడు మెడ నొప్పి అని ఎన్నడూ అనలేదు మరి.

తూలి పడే పిల్లల్లో ఎక్కువమందికి కారణం వేరే ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం అసలు తప్పు పుర్రె అడుగున, మెడ మొదట్లో ఉంటుంది. అక్కడి ఎముకలు పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడవు. లేదా వాటిని కట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉంటాయి. దాంతో వెన్నుపాము ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నలుగుతుంటుంది. మెదడు నుంచి కాళ్లకు వెళ్లే ఆదేశాలు, కాళ్ల నుంచి మెదడుకు వచ్చే కబుర్లు అన్నీ ఈ ఇరుకు దారి గుండానే పోవాలి. అందుకే తప్పు మెడలో ఉన్నా అది బయటపడేది కాళ్లలో, వేళ్లలో. ఇవి అరుదైన జబ్బులు. అయినా తల్లిదండ్రులూ టీచర్లూ వీటి గురించి తెలుసుకుని తీరాలని నేనెందుకు అంటానంటే, వేళకు పట్టుకుంటే వీటిలో చాలావాటిని అక్కడితో ఆపవచ్చు. చాలాసార్లు పోయిన బలం కూడా తిరిగి వస్తుంది. వెన్నుపాము బాగా దెబ్బతిన్నాక వస్తే ఎంత గొప్ప సర్జనైనా చేయగలిగింది తక్కువ.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చూద్దాం. పుర్రె అడుగున ఒక పెద్ద రంధ్రం ఉంటుంది, మహావివరం. మెదడు కాండం దాని గుండా కిందికి దిగి వెన్నుపాము అవుతుంది. ఆ రంధ్రం కిందే మొదటి మెడపూస అట్లాస్, దాని కింద రెండో పూస యాక్సిస్. వెన్నెముకలో తక్కిన పూసలన్నిటికీ ముందువైపు దిట్టమైన దిమ్మ ఒకటి ఉంటుంది. అట్లాస్‌కు అది లేదు, ఉత్త వలయమే. దాని దిమ్మ పిండదశలోనే కింది పూసకు అతుక్కుపోయి, పైకి పొడుచుకొచ్చిన మొనగా నిలబడింది. దాన్ని దంతం అంటారు, డాక్టర్ల భాషలో డెన్స్. తిరగలి పైరాయి నడిమి ఇరుసు చుట్టూ తిరిగినట్టు అట్లాస్ పుర్రెను మోస్తూ ఈ దంతం చుట్టూ తిరుగుతుంది. తలను పక్కలకు తిప్పే కదలికలో దాదాపు సగం ఈ ఒక్క కీలులోనే జరుగుతుంది. తలను ముందుకూ వెనక్కూ ఆడించడం ఎక్కువగా పుర్రెకూ అట్లాస్‌కూ మధ్య కీలు పని.

ఇంత స్వేచ్ఛగా తిరిగే చోట ఎముకల పట్టు తక్కువ, భారమంతా లిగమెంట్ల మీదే. దంతం వెనక అడ్డంగా బిగించిన లిగమెంట్ ఒకటుంది. దంతం వెనక్కి పోయి వెన్నుపాము మీద పడకుండా ఆపేది అదే. అమెరికన్ ఎముకల వైద్యుడు హెచ్. హెచ్. స్టీల్ 1968లో ఒక లెక్క చెప్పాడు. అట్లాస్ వలయం లోపలి చోటులో మూడో వంతు దంతానిది, మూడో వంతు వెన్నుపాముది, మిగిలిన మూడో వంతు ఖాళీ. పెద్దవాళ్లలో ఒక్కొక్క వంతు సుమారు ఒక సెంటీమీటరు. ఆ ఖాళీయే మనిషిని కాపాడే జాగా. దంతం కాస్త వెనక్కి జరిగినా ముందు ఆ జాగానే ఖర్చవుతుంది. అది అయిపోయే దాకా పిల్లాడిలో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అయిపోయాక మాత్రం ఒక మిల్లీమీటరు కూడా చాలా ఎక్కువే. అట్లాస్ ముందు కమానుకూ దంతానికీ నడుమ దూరం పెద్దవాళ్లలో 3 మిల్లీమీటర్లు, పిల్లల్లో 5 మిల్లీమీటర్లు మించితే అనుమానించాలని డాక్టర్లు కొలత పెట్టుకున్నది అందుకే.

ఈ ఎముకలే ఎందుకు ఇంతగా తప్పుతాయి? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈ ప్రశ్నకు పిండశాస్త్రం ఇచ్చే జవాబు. గర్భం మూడో వారం చివర్లో పిండం వీపు పొడుగునా కణాల గుంపులు జంటలు జంటలుగా వరస కడతాయి. వీటిని సోమైట్లు అంటారు. వెన్నెముక, పక్కటెముకలు, వీపు కండరాలు వీటి నుంచే వస్తాయి. తల వైపున్న మొదటి నాలుగు జతలు పుర్రె వెనక అడుగు భాగానికి పోతాయి, తర్వాతి ఎనిమిది మెడవి. అయితే ఒక సోమైటు నుంచి ఒక పూస రాదు. ప్రతి సోమైటూ అడ్డంగా రెండు సగాలవుతుంది. పైదాని కింది సగం, కిందిదాని పై సగం కలిసి ఒక పూస అవుతుంది. మెడలో ఎనిమిది సోమైట్లు, ఎనిమిది జతల నరాలు ఉండగా పూసలు ఏడే ఎందుకున్నాయంటే కారణం ఇదే. మొదటి సోమైటు పై సగం పుర్రె వాటాలోకి పోయింది, ఎనిమిదోదాని కింది సగం ఛాతీ పూసలోకి దిగింది.

పుర్రెకూ మెడకూ సరిహద్దులో ఏర్పడే ముక్కకు ప్రోఅట్లాస్ అని పేరు. మొసళ్లలో అది పెద్దయ్యాక కూడా విడి ఎముకగానే ఉంటుంది. మనలో విడిగా మిగలదు. కొంత మహావివరం అంచులో కలుస్తుంది, చిట్టచివరి తునక దంతం కొసకు చేరుతుంది. అంటే ఈ ఒక్క చోట, ఒక పూస దిమ్మ ఇంకో పూసకు మారాలి, ఒక ముక్క పుర్రెకు పోవాలి, ఒక తునక దంతానికి రావాలి. శరీరంలో ఇంకే పూసల జతకూ ఇన్ని పంపకాలు లేవు. ఇవన్నీ కొద్ది వారాల్లో, తల్లికి గర్భం సంగతి అప్పుడప్పుడే తెలిసే రోజుల్లో జరిగిపోతాయి.

ఏ సోమైటు ఏ ఎముక కావాలో చెప్పేవి హాక్స్ జన్యువులు. 1993లో యూటా విశ్వవిద్యాలయంలో మారియో కాపెక్కి బృందం ఎలుకల్లో హాక్స్‌డి3 అనే ఒక్క జన్యువును పనిచేయకుండా చేసింది. ఆ ఎలుకల్లో అట్లాస్ తన రూపం మరిచి పుర్రె అడుగు ఎముకతో కలిసిపోయింది. పూస తన కంటే పైనున్న ఎముకలా తయారైందన్నమాట. ఎలుకల్లో జన్యువులను ఇలా ఎంచి మార్చే పద్ధతికే కాపెక్కికి 2007లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పిల్లల్లో అచ్చం ఇలాంటి స్థితే ఒకటుంది. అట్లాస్ పుర్రెకు అతుక్కుపోయి పుడుతుంది. అలాంటప్పుడు పై కీలు కదలదు కాబట్టి ఆ కదలిక బరువంతా కింది కీలు మీద పడుతుంది. ఏళ్లు గడిచే కొద్దీ అక్కడి లిగమెంట్లు సాగుతాయి. పుట్టుకతో వచ్చిన లోపం పదేళ్లకో పదిహేనేళ్లకో బయటపడటానికి ఇదొక కారణం. చాలామంది పిల్లల్లో తప్పు ఏ జన్యువులో జరిగిందో తేలదు. తల్లి ఏదో తినడం వల్లనో, గ్రహణం చూడటం వల్లనో ఇది రాదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, ఆ నింద మోస్తున్న తల్లులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు గనుక.

ఇంకో రకంలో దంతం కొస మహావివరం లోపలికి పొడుచుకుపోతుంది. పుర్రె అడుగు పైకి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. దీన్ని ఎక్స్‌రేలో కొలిచే గీతను 1939లో చేంబర్లేన్ అనే అమెరికన్ రేడియాలజిస్టు చెప్పాడు. గట్టి అంగిలి వెనక అంచు నుంచి మహావివరం వెనక అంచు దాకా గీత గీసి, దంతం కొస దానికి ఎంత పైన ఉందో చూస్తారు. సీటీ స్కాన్లు వచ్చినా ఆ గీత ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి చిన్నమెదడు కింది అంచు కూడా రంధ్రం గుండా కిందికి జారి ఉంటుంది. ప్రాగ్‌లో పనిచేసిన హాన్స్ కియారి 1891లో వర్ణించాడు కాబట్టి దాన్ని కియారి లోపం అంటారు. దగ్గినా తుమ్మినా తల వెనక భాగంలో వచ్చే నొప్పి దీని గుర్తు.

దంతం విరిగిన ముక్కలా యాక్సిస్ నుంచి విడిగా ఉండే స్థితి మరొకటి. ఇది పుట్టుకతో వచ్చిందా, చిన్నప్పుడు తగిలిన దెబ్బ వల్ల అయిందా అని వైద్యులు వందేళ్లకు పైగా వాదించుకున్నారు. అంతకుముందు తీసిన ఎక్స్‌రేలో దంతం మామూలుగానే ఉండి, దెబ్బ తగిలిన కొన్నేళ్లకు విడిపోయి కనిపించిన పిల్లలు ఉన్నారు. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి కనిపించిన ఉదాహరణలూ ఉన్నాయి. రెండు దారులూ నిజమేనని నాకనిపిస్తుంది. పిల్లలకు ఇక్కడ ఒక సహజమైన బలహీనత కూడా ఉంది. పుట్టినప్పుడు దంతానికీ యాక్సిస్‌కూ మధ్య మృదులాస్థి పొర ఉంటుంది, అది మూడు నుంచి ఆరేళ్ల నడుమ గానీ ఎముకగా మారదు. తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండరాలు లేతవి, లిగమెంట్లు మెత్తన. ఈ పొరను ఎక్స్‌రేలో చూసి ఎముక విరిగిందని పొరబడే ప్రమాదమూ ఉంది కాబట్టి పిల్లల మెడ ఎక్స్‌రేను పిల్లల ఎముకలు బాగా తెలిసినవాళ్లే చదవాలి.

మెడపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయే స్థితిని 1912లో పారిస్‌లో మారిస్ క్లిపెల్, ఆంద్రే ఫీల్ వర్ణించారు. వాళ్లు చూసిన రోగి 46 ఏళ్ల దర్జీ. పొట్టి మెడ, మెడ మీద బాగా కిందికి దిగిన జుట్టు, తిరగని తల, ఈ మూడూ గుర్తులని పుస్తకాల్లో ఉంటుంది. మూడూ కలిసి కనిపించేది సగం మంది కంటే తక్కువలోనే. ఇలాంటి పిల్లలకు మెడ ఒక్కటే చూసి పంపకూడదు. మూత్రపిండాల స్కాను, చెవి పరీక్ష తప్పనిసరి. ఆ అవయవాలు కూడా దాదాపు అదే రోజుల్లో రూపుకడతాయి.

కొందరు పిల్లల విషయంలో పుట్టినప్పటి నుంచే మెడ మీద కన్నేసి ఉంచాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నూటికి పది నుంచి ఇరవై మందికి ఎక్స్‌రేలో ఈ కీలు వదులుగా కనిపిస్తుంది. వెన్నుపాము నిజంగా నలిగి లక్షణాలు వచ్చేది ఒకరిద్దరికే. 1983లో స్పెషల్ ఒలింపిక్స్ వాళ్లు ఆటలకు ముందు ఇలాంటి పిల్లలకు మెడ ఎక్స్‌రే ఉండాలన్నారు. తర్వాత అనుభవం మీద, ఏ లక్షణమూ లేని పిల్లలకు ఆ ఎక్స్‌రే ముందుగా ఏమీ చెప్పలేకపోతోందని తేలింది. 2011లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అందరికీ ఎక్స్‌రే అక్కర్లేదని, లక్షణాల మీద నిఘా ముఖ్యమని చెప్పింది. నడక మారడం, అదుపులోకి వచ్చిన మలమూత్రాలు మళ్లీ అదుపు తప్పడం, తల ఒక పక్కకే పెట్టుకోవడం లాంటివి ఆ లక్షణాలు. అంటే కాపలా యంత్రం చేతిలోంచి తల్లి చేతిలోకి వచ్చింది. ఆమెకు ఏం చూడాలో చెప్పకుండా పంపితే ఆ సలహాకు అర్థం లేదు.

ఎకాండ్రోప్లేసియాతో పుట్టిన పొట్టి పిల్లల్లో మహావివరమే ఇరుకు. పసితనంలో నిద్రలో ఊపిరి ఆగే ప్రమాదం అందుకే. గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఒళ్లు మరీ వదులుగా ఉండటం కనిపిస్తే ఎంఆర్‌ఐకి ఆలస్యం చేయకూడదు. ఈ బిడ్డలను మెడ నిలబడక ముందు ఆసరా లేకుండా కూర్చోబెట్టకూడదు. నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు మెడను వంచడం, తల పట్టి లాగడం అసలే వద్దు. మోర్కియో అనే ఇంకో జబ్బులో దంతం సరిగ్గా పెరగనే పెరగదు. తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. బిడ్డ ఎత్తు ఆగిపోవడం, ఛాతీ ముందుకు పొడుచుకురావడం, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం చూసి గుర్తుపడతారు. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తేనే వచ్చేది. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే మన తెలుగు నేల మీద పిల్లల డాక్టర్లకు ఇది గుర్తుండాలి. ఒక బిడ్డకు తేలితే తోబుట్టువులనూ చూడాలి.

వీటన్నిటికీ భిన్నమైంది గ్రిసెల్ సిండ్రోమ్. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. గొంతు నొప్పో టాన్సిల్స్ ఆపరేషనో అయిన కొద్ది రోజులకు పిల్ల తల ఒక పక్కకు ఒరిగి, గడ్డం రెండో వైపు తిరిగి, అలాగే ఉండిపోతుంది. తిప్పబోతే ఏడుస్తుంది. గొంతులోని వాపు వెనకనున్న లిగమెంట్లకు పాకి అవి సడలడంతో అట్లాస్ తిరిగి అక్కడే ఇరుక్కుంటుంది. మన ఇళ్లలో దీన్ని పక్క తప్పి పడుకోవడం వల్ల మెడ పట్టేసిందనుకుంటారు. ఎవరో తెలిసినాయన వచ్చి మెడ విరుస్తాడు. దయచేసి అది చేయించకండి. వారం లోపు డాక్టరు చేతికి వస్తే యాంటీబయాటిక్స్, వాపు తగ్గే మందులు, మెత్తటి కాలర్‌తో చాలామందికి సర్దుకుంటుంది. నెల దాటితే తలకు బరువు కట్టి లాగాల్సి వస్తుంది, కొందరికి ఆపరేషనూ తప్పదు. పెద్దల మెడను క్షవరం కుర్చీలో పటపటమనిపించే అలవాటు గురించి కూడా ఇదే మాట. పుట్టుకతో ఏ లోపం ఉందో లోపల ఎవరు చూశారు?

పుర్రె, మెడ కూడలి జబ్బుల చరిత్రలో మన దేశానికి పెద్ద చోటుంది. బొంబాయి వైద్యులు భరూచా, దస్తూర్ 1964లో 40 కేసులను, అదే ఊళ్లో నోషిర్ వాడియా 1967లో 28 కేసులను బ్రెయిన్ పత్రికలో వివరించారు. అప్పట్లో పాశ్చాత్య వైద్యులు ఒకటీ అరా చూసే జబ్బును ఇక్కడివాళ్లు పదుల్లో చూస్తున్నారు. కొత్త చికిత్స కూడా తర్వాత ఇక్కడే పుట్టింది. దానికి ముందు, దంతం వెన్నుపామును నొక్కుతుంటే నోటి గుండా వెళ్లి గొంతు వెనక గోడ కోసి దాన్ని తొలగించడం చాలాకాలం ముఖ్యమైన దారి. తర్వాత వెనక నుంచి పుర్రెకూ మెడకూ కట్టు వేయాలి. బిడ్డకు రెండు పెద్ద ఆపరేషన్లు. అమెరికాలోని అయోవాలో ఆర్నాల్డ్ మెనెజెస్ 1980 నుంచీ ఒక క్రమం నేర్పాడు. ముందు తలను మెల్లగా లాగి చూడాలి, ఎముక తన చోటికి వస్తే నోటి దారి అవసరమే లేదు.

ముంబై కేఈఎం ఆసుపత్రిలో అతుల్ గోయెల్ 1988లో ఇంకో అడుగు వేశాడు. అట్లాస్, యాక్సిస్‌ల పక్క దిమ్మల్లోకి నేరుగా స్క్రూలు దించి, వాటిని ప్లేటుతో కలిపాడు. ఆ పద్ధతిని 1994లో ప్రచురించాడు. 2001లో జర్మనీకి చెందిన హార్మ్స్ ప్లేటు బదులు కడ్డీ వాడి దాన్ని ప్రపంచమంతటా వ్యాపింపజేశాడు. నేడు ఆ ఇద్దరి పేర్లతోనే దాన్ని పిలుస్తారు. 2004లో గోయెల్ మరో సంగతి చూపించాడు. లోపలికి పొడుచుకుపోయిన దంతాన్ని కోసి తీయక్కర్లేదు. రెండు పూసల మధ్య కీళ్లను తెరిచి, ఎడం చేసి, నడుమ దన్ను పెట్టి బిగిస్తే దంతం దానంతట అది కిందికి దిగుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో శరత్ చంద్ర ఈ దారినే ఇంకా మెరుగు పరిచాడు. ఒకప్పుడు రెండు దఫాలుగా జరిగే పని ఇప్పుడు చాలామందిలో వెనక నుంచి ఒక్క దఫాలో అవుతోంది. కియారి లోపానికి కూడా మూలం ఈ కీలు వదులుతనమేనని గోయెల్ అంటాడు. దాన్ని ఒప్పుకోని సర్జన్లు చాలామందే ఉన్నారు, ఆ చర్చ ఇంకా తెగలేదు.

పిల్లల్లో ఈ ఆపరేషన్ పెద్దవాళ్ల ఆపరేషన్‌కు చిన్న రూపం కాదు. ఎముక సన్నం, స్క్రూ దిగే జాగా కొన్ని మిల్లీమీటర్లు. పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని పోతుంది. ఎముకలు వంకరగా ఉన్నచోట అది కూడా దారి మార్చుకుని ఉంటుంది. అందుకే ముందుగా రక్తనాళాలు కనిపించేలా సీటీ తీస్తారు. కొన్నిచోట్ల ఆ స్కాన్ నుంచి ఎముకల నమూనా త్రీడీలో అచ్చు వేసుకుని సర్జన్ స్క్రూల దారి చూసుకుంటాడు. ఎముకలు అతికేందుకు బిడ్డ పక్కటెముక నుంచే తునక తీస్తారు, అది మళ్లీ పెరుగుతుంది. తలకు హేలో చట్రం బిగించాల్సి వస్తే పెద్దలకు నాలుగు మేకులు సరిపోతాయి. పసిపిల్లల పుర్రె పలచన కాబట్టి ఎనిమిదికి పైగా మేకులు తక్కువ బిగువుతో పెడతారు. హైదరాబాద్ నిమ్స్‌లో, మన సీమ జనం ఎక్కువగా వెళ్లే వేలూరు సీఎంసీలో, ఇంకా పెద్ద న్యూరోసర్జరీ విభాగాల్లో ఈ చికిత్స జరుగుతోంది.

అంతదాకా చేరాలంటే ముందు ఎవరో ఒకరు అనుమానించాలి. జిల్లా ఆసుపత్రిలోనైనా చేయగలిగినవి ఇవి. మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టి కాలు మరీ ఎగురుతోందా చూడటం. కాలు బిగుసుకుని ఉందా, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తోందా చూడటం. తర్వాత మెడకు పక్క నుంచి ఎక్స్‌రే. ఆ కాళ్ల బిగువును కండరాల జబ్బనో, పుట్టుకలో మెదడు దెబ్బతినడం వల్లనో అనుకుని ఏళ్లు పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. మెడ వంచినప్పుడు వీపులో కరెంటు పాకినట్టుందని పిల్లాడు చెబితే నమ్మాలి. చిన్నగా పడి లేచాక చేతులూ కాళ్లూ కాసేపు చచ్చుబడి తిరిగి వచ్చాయంటే, తిరిగి వచ్చాయి కదా అని వదిలేయకూడదు. మింగేటప్పుడు పొలమారడం, మాట ముక్కులోంచి రావడం కూడా ఇదే చోటు నుంచి పుట్టే లక్షణాలు. మెడ వంచీ ఎత్తీ తీసే ఎక్స్‌రేలు డాక్టరు దగ్గర నిలబడి, బిడ్డ మేలుకుని తనంతట తాను వంచగలిగినంత మేరకే తీయించాలి.

అట్లాస్, యాక్సిస్‌లు కలిపేశాక తల పక్కలకు తిరగడంలో సుమారు సగం పోతుంది. పిల్లలు కింది మెడపూసలతో, నడుముతో దాన్ని కొంత పూడ్చుకుంటారు. బడికి వెళ్తారు, రాస్తారు, పరుగెత్తుతారు. కబడ్డీ, పల్టీలు, తల కిందులుగా చేసే ఆసనాలు మాత్రం సర్జన్ ఒప్పుకోనిదే వద్దు. ఇంకొకటి, ఆపరేషన్ అయినా కాకపోయినా ఈ లోపం ఉన్న బిడ్డకు పన్ను తీయించినా, అపెండిక్స్ ఆపరేషన్ చేయించినా, మత్తు ఇచ్చే డాక్టరుకు మెడ సంగతి ముందే చెప్పాలి. ఊపిరి గొట్టం వేయడానికి తల వెనక్కి వంచడం అందరికీ చేసే పనే, ఈ బిడ్డకు మాత్రం పనికిరాదు. ఆ సంగతి తెలిస్తే ఆయన బిడ్డ మెడ కదపకుండా సన్నటి కెమెరా గొట్టంతో దారి చూసుకుంటాడు. స్కాను సీడీ, ఆపరేషన్ కాగితాలు ఒక కవరులో పెట్టి, ఊరెళ్లినా వెంట తీసుకెళ్లండి.